ఆర్మిండా సగం

"పెప్పర్, మీ అయ్యగారికి చెప్పు. రొట్టె బల్లమీద పెట్టాను. తింటే తినమను. లేకపోతే ఆరెగాన్ వెళ్ళాకే తినమను."

కుక్క తోకాడించింది. గుమ్మంలో నిలబడి బూట్లకంటిన బురద గీక్కుంటున్న జోథమ్ తలెత్తలేదు.

"పెప్పర్," అన్నాడు అతనూ, "మీ అమ్మగారికి చెప్పు. మధ్యాహ్నం స్క్వైర్ హాబ్సన్ వస్తున్నాడు. పొలం కొనేవాడు టాలివరూ వస్తున్నాడు. కనీసం స్క్వైర్ అడిగినప్పుడైనా నోరు విప్పమను."

శనివారం నుంచీ ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటలు కుక్క చెవిలోంచే నడుస్తున్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ కుక్కకి ఇంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఎవరి దగ్గరా ఎముక రాలదని తేలాక పొయ్యి దగ్గరికి పోయి పడుకుంది.

పొయ్యికి అటుపక్క కుర్చీలో హెప్సిబా మేజోడు అల్లుకుంటోంది. జోథమ్ తల్లి. కొడుకూ కోడలూ మాట్లాడుకోవడం మానేసిన సంగతి ఆవిడకి తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా తెలుసు. కాని ఊరికే ఉండటం మాత్రం తెలియదు.

"ఆర్మిండా అయితే ఈపాటికి బండి సర్దేసి, మనకి దారిలోకి రొట్టెలు కూడా కాల్చేసేది," అంది మేజోడుతో చెప్తున్నట్టు.

కెటూరా పిండి మీద గుద్దిన గుద్దుకి బల్ల కదిలింది.

"అవునత్తమ్మా. ఆర్మిండా అయితే బండికి ఎద్దులు కూడా అక్కర్లేదు. తనే లాక్కుపోయేది."

"అనవే, అను. నోరుందిగా. దాని చేతికి ఏదిచ్చినా అందంగా ఉండేది. ముగ్గురు పిల్లల్ని కని కూడా నడుం అలాగే ఉందని కిందటేడు మా పెద్దాడు లెమ్యూల్ చెప్పి పంపాడు." ఆవిడ మేజోడు ఎత్తి వెలుతురులో చూసుకుంది. "వాడి పాదం పెద్దది. చిన్నప్పుడే వాళ్ళ నాన్న బూట్లు పట్టేసేవి. ఈ రెండోది కూడా అయిపోతే, వాడి గుమ్మంలో దిగీ దిగగానే నా చేత్తో తొడుగుతాను. ఒరే జోథమ్, ఆబ్నర్ ఇంకేం చెప్పాడురా? సరిగ్గా గుర్తు తెచ్చుకో."

"చెప్పానుగా అమ్మా. అంతా బాగున్నారన్నాడు."

"అంతేనా? ఆరెగాన్ నుంచి అంత దూరం వచ్చినవాడు ఆ ఒక్క ముక్కేనా చెప్పేది?"

"రేవు దగ్గర కనిపించాడు. వాడికి పడవ అందాలి. అంతే చెప్పాడు."

అది శుక్రవారం సంగతి. ఆబ్నర్ లెమ్యూల్‌కి ఆరెగాన్‌లో పక్క పొలంవాడు, ఉత్తరాన ఉన్న తన ఊరికి తిరిగి పోతూ రేవులో జోథమ్‌కి తారసపడ్డాడు. ఆ పూట నుంచీ ముసలావిడ అదే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతోంది. జోథమ్ అదే జవాబు చెప్పి, ఇలాగే ఇంట్లోంచి బయటికి వెళ్ళిపోతున్నాడు. ఇవాళా వెళ్ళిపోయాడు. రొట్టె బల్లమీదే ఉండిపోయింది.

చూశావా, అనుకుంది కెటూరా. అక్కడి మాటెత్తితే చాలు, మనిషి ఇంట్లో నిలవలేడు.

పెరట్లో బండి నిలబడి ఉంది. చలికాలమంతా కూర్చుని జోథమ్ తన చేత్తో చేసుకున్న బండి. హికరీ కర్ర బద్దలు వంచి, పైన కప్పే గుడ్డకి అవిసెనూనె పట్టించి ఆరేశాడు. ఆ నూనె వాసన ఇల్లంతా పట్టింది. కొన్నాళ్ళు ఆ వాసన కెటూరాకి బాగానే ఉండేది. శనివారం నుంచి మాత్రం ముక్కుకి తగిలినప్పుడల్లా కిటికీ మూసేస్తోంది.

ఊళ్ళో నాలుగిళ్ళకి ఒక ఇల్లు పడమటికి, ఆరెగాన్‌కి బయల్దేరుతోంది. ఒకడు వణుకుజ్వరం పడలేక, ఒకడు వాగు ముంచుతోందని, ఒకడు బావమరిది వెళ్ళాడని, ఒకడు బావమరిదికి దూరంగా ఉండాలని. ఎవర్ని అడిగినా నేల అంటారు. ఊరికే ఇచ్చే నేల, రాయి తగలని నేల, వేలు గుచ్చితే మొలకెత్తే నేల. దూరపు కొండలు నునుపని పెద్దలు ఎన్నిసార్లు చెప్పినా ఈ జాతికి ఎక్కదు. వీళ్ళ తాతలు సముద్రం దాటారు, తండ్రులు కొండలు దాటారు. ఎవరూ కదలకుండా చచ్చిపోయిన పాపాన పోలేదు.

జోథమ్ చెప్పే కారణాలూ అవే. అన్నీ నిజమే. అదే తంటా. నిజమైన కారణాలు అన్ని ఉన్నప్పుడు అసలు కారణం వాటి వెనక సుఖంగా దాక్కుంటుంది.

ఆ అసలుది కెటూరా శనివారం తన చెవులారా వింది. కెటిల్ పిడి ఊడితే అతికించుకుందామని కమ్మరి కొలిమికి వెళ్ళింది. లోపల జోథమ్ కమ్మరితో మాట్లాడుతున్నాడు. కెటూరా గోడ ఇవతలే ఆగిపోయింది.

"ఆర్మిండా సగమైనా చాలురా నాకు," అన్నాడు జోథమ్. "అంతకు మించి దేవుణ్ణి అడగను."

కమ్మరి ఏదో అన్నాడు. సుత్తి దెబ్బలో కలిసిపోయింది. కెటూరా పిడిలేని కెటిల్ చంకన పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

ఆర్మిండా ఇప్పుడు లెమ్యూల్ పెళ్ళాం, జోథమ్‌కి వదిన. అంతకుముందు జోథమ్‌కి కాబోయిన పెళ్ళాం. పాటలు నేర్పే బడి నుంచి ఇంటికి దిగబెట్టడానికి అన్నదమ్ములిద్దరూ చెరో చెయ్యీ చాపితే, ఒక రాత్రి ఉన్నట్టుండి అన్న చెయ్యి పట్టుకుని నడిచిపోయిన మనిషి. ఆ మరుసటి ఏడు వాళ్ళిద్దరూ ఆరెగాన్ వెళ్ళిపోయారు. ఆ చలికాలంలోనే జోథమ్ కెటూరాని చేసుకున్నాడు. తను రెండో ఎంపికని అప్పట్లో ఊరందరికీ తెలుసు. ఊరు ఎప్పుడో మరిచిపోయింది. కెటూరా మరిచిపోలేదు.

ఆర్మిండా మొత్తం దక్కలేదు కాబట్టి సగమైనా చాలట! మరి నేనెంత, పావు వంతా? ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది. మండిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఏదో ఒకటి మోగేది. గిన్నెగానీ, తలుపుగానీ.

ఇవాళ పిండి సంచి బండిలో పెడదామని గుడ్డ పైకెత్తి చూసేసరికి లోపల, మంచి చోటులో, చెక్క పీపా ఒకటి తాళ్ళతో బిగించి కనిపించింది. వెన్న చిలికే పీపా. మూతమీద చెక్కిన తీగ చూడగానే గుర్తుపట్టింది.

కుక్క కోసం చూడలేదు. తిన్నగానే అడిగింది.

"ఇదేంటి?"

చక్రానికి తారు పూస్తున్న జోథమ్ ఉలిక్కిపడ్డాడు. నాలుగు రోజుల తర్వాత పెళ్ళాం గొంతు మొదటిసారి తనకోసం వచ్చింది.

"చిలికే పీపా."

"కళ్ళున్నాయి నాకు. ఎవరిదీ అని."

"వదినది. వెళ్ళేప్పుడు వదిలేసి వెళ్ళింది కదా. అమ్మ పెట్టమంది."

"మా అమ్మ అలమరకి చోటు లేదన్నావ్. నేనేమన్నాను? సరే, బరువు, ఎద్దులు లాగలేవు, అన్నాను. నా చేత్తో దాన్ని పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను. ఆర్మిండా పీపాకి మాత్రం చోటొచ్చిందా?"

"అందులో పిండి పోస్తాం కదే. ఖాళీగా వెళ్ళదు."

"ఖాళీగా వెళ్ళేదాన్ని నేనేలే."

జోథమ్ తారు కుంచె కింద పెట్టాడు. "కెటీ, ఏమైంది నీకు? క్రిస్మస్‌కి సరేనన్నావు. బండి గుడ్డ నువ్వే కుట్టావు. శనివారం కొలిమికెళ్ళి వచ్చిన దగ్గర్నుంచి నోరు మూసేశావు."

"ఎందుకు వెళ్తున్నాం మనం?"

"మళ్ళీ మొదటికొచ్చిందా?"

"చెప్పు. ఎందుకు?"

"జ్వరం. కిందటేడు ఆకులు రాలే కాలంలో నీకు ఎన్ని దుప్పట్లు కప్పానో గుర్తుందా? మంచం గుర్రంలా ఊగింది."

"ఇంకా?"

"వాగు. రెండు పంటలు మింగింది."

"ఇంకా?"

"నేల. అక్కడ ఊరికే ఇస్తున్నారు."

"ఊరికే ఎవరిస్తారు? ఇన్నాళ్ళూ దానిమీద ఎవరూ లేరా?"

"ఉంటే రెడ్ ఇండియన్లుంటారు."

"వాళ్ళెక్కడికి పోతారు?"

"ఏమో. ఇంకొంచెం పక్కకి." ఆ జవాబు అతనికే నచ్చలేదు. కుంచె తీసుకుని పూసిన చోటే మళ్ళీ పూశాడు. "మనం ఇక్కడికొచ్చినప్పుడు మాత్రం ఇది ఖాళీగా ఉందా? అప్పుడు అడగలేదే ఎవరూ?"

"సరే. ఇంకా?"

"ఇంకేం లేదు."

"లెమ్యూల్ మాటేంటి? అన్నని చూడాలని లేదూ? వదినని చూడాలని?"

తారు కుంచె చేతిలోంచి జారి బురదలో పడింది.

"లెమ్యూల్ ఊసెత్తకు," అన్నాడు జోథమ్. గొంతు ఎవరిదో అన్నట్టుంది. "ఇవాళ వద్దు. నీకు దణ్ణం పెడతాను కెటీ, ఇవాళొద్దు."

చాలు, అనుకుంది కెటూరా. ఇంకేం సాక్ష్యం కావాలి? పొగ కళ్ళబడింది, నిప్పు ఎక్కడుందో తెలిసింది. అన్న పేరు వినడానికే మనసొప్పనివాడు అన్న ఇంటి వాకిలికి ఇంత దూరం ఎందుకు పోతున్నాడో చిన్నపిల్లనడిగినా చెప్తుంది.

"సరే, స్క్వైర్‌ని రానీ," అంది. "ఆయన అడిగినప్పుడు చెప్తాను. నువ్వే కదా నోరు విప్పమన్నావు."

జోథమ్ మొహం పాలిపోయింది. ఎందుకంటే ఆ ప్రాంతంలో మగవాడు భూమి అమ్మినా అమ్మకం పూర్తి కాదు. మొగుడు పోతే పెళ్ళానికి దక్కే మూడోవంతు హక్కుని ఆవిడ వదులుకోవాలి. అదీ మొగుడి ఎదట కాదు. న్యాయాధికారి ఆవిడని వేరే గదిలోకి తీసుకెళ్ళి, తలుపేసి, నీ ఇష్టంతోనేనా అని అడగాలి. ఏళ్ళ తరబడి ఇంట్లో ఎవరూ ఏదీ అడగని ఆడదాన్ని కూడా ఆ ఒక్క పూట ప్రభుత్వం కూర్చోబెట్టి అడుగుతుంది. అక్కడ ఆవిడ కాదంటే బండి పెరట్లోనే ఉండిపోతుంది, కోళ్ళు గుడ్లు పెట్టుకోవడానికి.

* * *

ఆ ఊరి న్యాయాధికారి స్క్వైర్ హాబ్సన్ లావుపాటి మనిషి. ఆ పేటలో పెళ్ళిళ్ళు చేసేదీ, పందుల తగువులు తీర్చేదీ ఆయనే. టాలివర్ సన్నగా, మర్యాదగా ఆయన వెనకే వచ్చాడు. చంకలో కాగితంలో చుట్టిన పొట్లాలు రెండున్నాయి. ఒకటి ఎవరికో అందరికీ తెలుసు. ఇల్లాలు ఒప్పుకుంటే కొన్నవాడు ఆవిడకి గౌను గుడ్డ పెట్టడం అక్కడి ఆనవాయితీ. రెండో పొట్లం సంగతి ఎవరూ అడగలేదు.

"ముందు ఇల్లాలి సంగతి చూద్దాం," అన్నాడు స్క్వైర్. "జోథమ్, నువ్వు బయటికి."

జోథమ్ గుమ్మం దాటి నిలబడ్డాడు.

"ఇంకా అవతలకి. బండి దాటి పో. నీ చెవులు నాకు తెలియవా?"

పడగ్గదిలో ఒక మంచం, ఒక పెట్టె, గోడకి కొయ్యమేకులు. స్క్వైర్ పెట్టెమీద కూర్చుంటే అది మూలిగింది. కళ్ళజోడు పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా కెటూరా, ఈ అమ్మకానికి నువ్వు నీ ఇష్టంతో ఒప్పుకుంటున్నావా? నీ భర్త నిన్ను భయపెట్టిగానీ, బలవంతపెట్టిగానీ ఒప్పించలేదు కదా? బతిమాలి ఒప్పిస్తే ఫర్లేదు. బతిమాలడం చట్టంలో లేదు."

కెటూరా మంచం పట్టె పట్టుకుని నిలబడింది. ఉదయం నుంచీ ఒక్క మాట సిద్ధం చేసుకుంది. 'ఒప్పుకోను.' అంతే. అది అనేస్తే ఆర్మిండా ఆరెగాన్‌లో ఉంటుంది, జోథమ్ ఇక్కడ ఉంటాడు. జ్వరమొస్తే రానీ. వాగొస్తే రానీ. మునిగితే ఇద్దరం కలిసి ఇక్కడే మునుగుతాం.

కాని నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"స్క్వైర్ గారూ, బలవంతం మొగుడిది కాకుండా ఇంకొకరిదైతే?"

"ఎవరిది? మీ అత్తగారిదా?"

"ఆడమనిషిదే. కాని ఇక్కడ లేదు."

ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి దించాడు. "తలుపేసుంది. ఇక్కడన్న మాట ఇక్కడే ఉంటుంది. చెప్పు తల్లీ."

చెప్పేసింది. కొలిమి, గోడ, ఆ మాట, అక్షరం పొల్లుపోకుండా. చెప్తుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తున్నందుకు కోపమొచ్చింది. "ఆర్మిండా సగమైనా చాలట. నేను నిండుగా ఒక మనిషిని, ఇన్నేళ్ళూ పక్కనే ఉన్నాను, నేను చాల్లేదు!"

స్క్వైర్ ముందు దగ్గాడు. తర్వాత కళ్ళజోడు తీశాడు. ఆ తర్వాత పెట్టె కిర్రుమనేలా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఓసి పిచ్చిదానా! ఆర్మిండా సగమంటే మనిషనుకున్నావా? నేలమ్మా, నేల! ఆరెగాన్‌లో పెళ్ళైనవాడికిచ్చే భూమిలో సగం పెళ్ళాం పేరనే రాయాలని చట్టం. ముందెళ్ళినవాళ్ళకి బాగా ఇచ్చారు, ఆరువందల నలభై ఎకరాలు. సగం లెమ్యూల్‌ది, సగం ఆర్మిండాది. ఇప్పుడెళ్ళేవాళ్ళకి అంత లేదు. మొగుడూ పెళ్ళాం కలిస్తే ఎంతొస్తుందో తెలుసా? సరిగ్గా ఆర్మిండా ఒక్కదానికి వచ్చినంత. అందుకే మీ ఆయన ఆ సగమైనా చాలురా భగవంతుడా అంటున్నాడు. ఈ చుట్టుపక్కల మగాళ్ళందరూ కొలిమి దగ్గర అదే లెక్క వేసుకుంటున్నారు, ముందే వెళ్ళనందుకు తలలు బాదుకుంటున్నారు."

కెటూరాకి మంచం మీద కూర్చోక తప్పలేదు.

నేలా? నాలుగు రోజులు తను తిండి ముట్టకుండా, కుక్కతో మాట్లాడుతూ, ఉన్న రెండు మంచి గిన్నెలకీ సొట్టలు పెట్టింది నేల కోసమా? సిగ్గు ముంచుకొచ్చింది. దాని వెనకే నవ్వొచ్చింది. కొంగుతో మొహం కప్పుకునే అలవాటు వాళ్ళకి లేదు గాని, ముందు కట్టుకున్న ఏప్రన్‌తో ఆ పనే చేసింది.

నవ్వు ఆగాక ఇంకొకటి తగిలింది.

"అంటే, మేమిద్దరం కలిస్తే ఆర్మిండా సగమా?"

"ఎకరాల్లో, తల్లీ. ఎకరాల్లో మాత్రమే."

"ఆవిడ పేరున మూడొందల ఇరవై ఎకరాలా? ఆడదాని పేరునా?"

"ఆవిడ పేరునే. మొగుడు ముట్టుకోడానికి లేదు. ఒకరు పోతే వాళ్ళ భాగం రెండోవాళ్ళకీ, పిల్లలకీ."

"మరి నాకు?"

"నూట అరవై. నీ పేరున. నువ్వక్కడ కాలు పెట్టాలి, కాపురం ఉండాలి. నువ్వు లేకపోతే జోథమ్‌కి నీ భాగం దక్కదు."

ఆర్పిన మంట ఇంకో మూల అంటుకుంది. ఆర్మిండా! అందం చాల్లేదు, పిల్లలు చాల్లేదు, ఈ ఇంటి నాలుక మీద తన పేరు చాల్లేదు, ఇప్పుడు నేల కూడానా? ఇక్కడ తనకేముంది? ఈ మంచం జోథమ్‌ది. ఆ పెట్టె జోథమ్‌ది. అమ్మిచ్చిన అలమర కూడా చట్టం ప్రకారం జోథమ్‌దేనట, అందుకే దాన్ని ఇచ్చేస్తున్నప్పుడు కూడా అతన్నే అడగాల్సి వచ్చింది. నూట అరవై ఎకరాలు! ఆర్మిండా గుమ్మంలోకి బండి దిగి, మేజోళ్ళ పండగ అయ్యాక, కాళ్ళకి బురదైనా సరే తన నేలమీదికి తను నడిచి పోవచ్చు. వంట బాగా చెయ్యకపోవచ్చు, నడుం సన్నం కాకపోవచ్చు. నేల మాత్రం నేలే.

అప్పుడే జోథమ్ కూడా అర్థమయ్యాడు. ఇన్నేళ్ళుగా అతనిలో ఏదో మండుతోందని తనకి తెలుసు. ఆర్మిండా అనుకుంది. కాదు, లెమ్యూల్. అన్న బూట్లు, అన్న చెయ్యి, అన్న పొలం. అన్నకంటే ఒక్కసారి, ఒక్క మెట్టు పైన నిలబడాలని ఇల్లూ వాకిలీ పీక్కుపోతున్నాడు. అక్కడికి పోయినా సగమే దక్కుతుందని తెలిసీ పోతున్నాడు. పాపం, అనుకుంది కెటూరా. కాపురానికి వచ్చాక మొగుడి మీద ఇంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. ఇతను నాలాంటివాడే. ఇద్దరిదీ ఒకే రోగం.

"మరి ఏమంటావు?" అన్నాడు స్క్వైర్. "అడిగిన ప్రశ్న అలాగే ఉంది. ఎవరి బలవంతమూ లేదు కదా?"

"లేదు స్క్వైర్ గారూ," అంది కెటూరా లేచి నిలబడి. "నా అంతట నేనే వెళ్తున్నాను."

అది పూర్తిగా నిజం కాదు. కాని ఆర్మిండా బలవంతం గురించి చట్టంలో ఏమీ లేదు.

* * *

సంతకం పెద్ద పెద్ద అక్షరాలతో పెట్టింది. సిరా ఆరకముందే బయటికొచ్చి గుమ్మంలోంచి పిలిచింది.

"జోథమ్! ఎంతసేపు నిలబడతావక్కడ? ఇలా రా. పొద్దుట్నుంచి రొట్టె కూడా తినలేదు."

కుక్క తలెత్తి చూసింది, తన ఉద్యోగం ఊడిందని తెలుసుకుని మళ్ళీ పడుకుంది.

జోథమ్ పరుగులాంటి నడకతో వచ్చాడు. పెళ్ళాం మొహంలో నవ్వు చూసి అక్కడే ఆగిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత పొడుగు మనిషి అలా అవడం చూసి కెటూరాకి ఇంకా జాలేసింది.

"పెట్టేశావా?"

"పెట్టేశాను. ఏంటలా చూస్తావ్? మీ అన్నదాంట్లో సగమే అయితే అయింది, మన సగంలో రాళ్ళు లేకుండా చూసుకుందాం."

జోథమ్ చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "కెటీ, నీతో ఒకటి చెప్పాలి. ముందు నీకే చెప్పాలి. ఇలా బండి దగ్గరికి రా."

"రొట్టె తిని చెప్పు."

"కాదు, ఇప్పుడే."

కాని టాలివర్ మర్యాద తెలిసిన మనిషి. ఇచ్చేది ఆలస్యం చెయ్యడం అతనికి నచ్చదు. మొదటి పొట్లం విప్పి కెటూరా చేతుల్లో పెట్టాడు. నీలం గుడ్డ, సన్నటి చారలు. ఆమె దాన్ని గడ్డం కింద పట్టుకుని చూసుకుంది. ఇది కుట్టుకుని దాచుకోవాలి. దారిలో వేసుకోకూడదు. ఆర్మిండా ఇల్లు కనిపించే దాకా పెట్టెలోంచి తియ్యకూడదు.

"ఇది మీకండీ, హెప్సిబా అమ్మా," అన్నాడు టాలివర్, రెండో పొట్లం ముసలావిడ ఒళ్ళో పెడుతూ. గొంతు తగ్గించి, టోపీ తీశాడు. "ఆదివారం జోథమ్ తెమ్మన్నాడు. పట్నంలో ఉన్నవాటిలో ఇదే మంచి రకం. ఏం చెప్పాలో నాకు తెలియడం లేదమ్మా. దేవుడే మీకు ధైర్యమివ్వాలి."

"టాలివర్," అన్నాడు జోథమ్. అప్పటికే ఆలస్యమైపోయింది.

హెప్సిబా మేజోడు పక్కన పెట్టి తాడు విప్పింది. కాగితం పొరలు తీసింది. లోపల నల్లగుడ్డ. మెరుపులేని, నిఖార్సయిన నలుపు.

"ఇది దుఃఖానికి వేసుకునేది కదరా," అంది నవ్వుతూ. "నాకెందుకు తెచ్చావు? మీ నాన్న పోయినప్పుడు కుట్టించుకున్నది ఇంకా పెట్టెలోనే ఉంది. అదీ చిరగలేదు."

ముసలావిడ నవ్వు మొహమ్మీదే ఉండిపోయింది. టాలివర్‌ని చూసింది. అతను టోపీ అంచు తిప్పుతున్నాడు. కొడుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"నాకు ఇద్దరు కొడుకులు," అంది నెమ్మదిగా. "ఒకడు నా ఎదురుగా నిలబడి ఉన్నాడు."

"అమ్మా..."

"చెప్పరా."

"నది దాటుతుంటే పడవ బోర్లా పడిందట. చలికాలంలో. ఆబ్నర్ చెప్పాడు." జోథమ్ గుమ్మం పట్టుకున్నాడు. "ఇక్కడ చెప్తే నువ్వు కదలవనీ, కదలకపోతే ఇక్కడే... సంతకం అయ్యాక చెబుదామనుకున్నానమ్మా. ఇవాళే చెబుదామనుకున్నాను."

హెప్సిబా ఏడవలేదు. పక్కన పెట్టిన మేజోడు మళ్ళీ చేతుల్లోకి తీసుకుని వెనక్కి తిప్పి చూసింది.

"మడమ దాకా అయిపోయింది," అంది. "వాడి పాదం పెద్దది."

కెటూరా వెళ్ళి అత్తగారి పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. ఆ ముసలి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. చల్లగా ఉన్నాయి. లెమ్యూల్ మొహం గుర్తు తెచ్చుకోవాలని చూసింది. మంచివాడు, గట్టిగా నవ్వేవాడు. ఏడుపు రావాలి, వచ్చింది కూడా. కాని ఆ ఏడుపు కింద ఇంకొకటి నెమ్మదిగా తలెత్తుతోంది. ఎంత తొక్కిపెట్టినా లేస్తోంది.

ఆబ్నర్ కనిపించింది శుక్రవారం. కొలిమి దగ్గర ఆ మాటన్నది శనివారం, ఆర్మిండా విధవని తెలిశాక.

తలెత్తేసరికి గది గుమ్మంలో స్క్వైర్ హాబ్సన్ నిలబడి ఉన్నాడు. ఇందాక అంతసేపు నవ్విన మనిషి. చేతిలో కాగితం, కాగితం మీద ఆమె సంతకం. ఆయన కళ్ళు కెటూరా కళ్ళని ఒక్క క్షణం చూసి, కిందికి దిగిపోయాయి. ఆయనకీ అదే లెక్క తట్టినట్టుంది.

ఒకరు పోతే వాళ్ళ భాగం రెండోవాళ్ళకీ, పిల్లలకీ.

నీలం గుడ్డ నేలమీద పడి ఉంది. ఎప్పుడు జారిపోయిందో ఆమెకి తెలియదు. కుక్క లేచి వచ్చి దాన్ని వాసన చూస్తోంది. కెటూరా మొగుడి వైపు చూడలేదు. చూస్తే అరుస్తుంది. అరవడానికి ఇది సమయం కాదు, పక్కనే తల్లి ఉంది. కుక్క మెడమీద చెయ్యి వేసింది.

"పెప్పర్," అంది, తన లోకంలో ఉన్న అత్తగారు పట్టించుకోనంత చిన్నగా, జోథమ్‌కి మాత్రం వినపడేలా. "మీ అయ్యగారిని అడుగు. శనివారం నాటికి లెమ్యూల్ లేడని తెలుసు కదా. ఇంక అక్కడ సగాలెక్కడివని అడుగు. మొత్తం ఆర్మిండా చేతికే వచ్చినప్పుడు, ఏ సగం చాలన్నాడో అడుగు."

కుక్క జోథమ్ వైపు చూసింది. అతని పెదవులు కదిలాయి.

జవాబు కుక్కకి కూడా చెప్పలేదు.